బొటనవేలి తీర్పు

పోయిన వేసవిలో ఓ సాయంత్రం మా ఫ్రిస్కోలో పార్కు చుట్టూ నడుస్తుంటే, మా వీధి చివరింటి తెలుగువాళ్లబ్బాయి ఎదురొచ్చి తన ఫోను నా చేతిలో పెట్టాడు. "అంకుల్, నలభై గజాలు పరిగెడతాను, టైము పడతారా?" అన్నాడు. వాడు హైస్కూలు ఫుట్‌బాల్ ఆడతాడు. టెక్సాస్‌లో అదంటే తిరనాళ్లే, శుక్రవారం రాత్రి ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. సరేనన్నాను. వంగి, వేళ్లు గడ్డిలో ఆనించి, ఒక్కసారిగా లేచాడు. గీత దాటగానే నొక్కాననే అనుకున్నాను. 4.9 సెకన్లు. వాడి మొహం వాడిపోయింది. "నిన్న మా కోచ్ పడితే 4.7 వచ్చింది అంకుల్" అన్నాడు.

కాళ్లు అవే, గడ్డీ అదే. మారిందల్లా బొటనవేలు. నాది యాభై దాటిన వేలు, కీబోర్డు మీద తప్ప ఎక్కడా పరుగు తీయనిది. "నేనే ఆలస్యంగా నొక్కానురా" అని ఎంత చెప్పినా వాడి చెవికెక్కలేదు. అంకె ఒకసారి బయటపడ్డాక దాన్ని పుట్టించిన వేలిని ఎవరూ చూడరు.

ఆ రోజు నుంచీ నాకు కడుపులో మండుతున్నదేదో ఇక్కడ కక్కేస్తాను.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లను ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు పంచుకునే తంతుకి డ్రాఫ్ట్ అని పేరు. 32 జట్లు, ఏడు రౌండ్లు, రెండువందల యాభై పైచిలుకు పేర్లు. పోయినేడు అట్టడుగున మిగిలిన జట్టుకి మొదటి వంతు. ఆ ఏప్రిల్ రోజు రాకముందు రెండు మూడు నెలలపాటు ఈ దేశంలో జరిగేది పెళ్లిచూపులు. 1987 నుంచి ఇండియానాపోలిస్‌లో ఏటా కంబైన్ అని ఒకటి పెడతారు. మూడువందల మందికి పైగా కుర్రాళ్లను పిలిపిస్తారు. ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు, చెయ్యి పొడవు కొలుస్తారు, అరచెయ్యి చాపించి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసదాకా టేపు పెడతారు. 102 కిలోల బరువు వెల్లకిలా పడుకుని ఎన్నిసార్లు ఎత్తుతాడో లెక్కపెడతారు. ఎగరమంటారు, దూకమంటారు. ఒకే మోకాలిని జట్టు తర్వాత జట్టు డాక్టర్లు వచ్చి నొక్కి, వంచి చూస్తారు.

అమ్మాయిని నడిపించి, పాట పాడించి, జడ సొంతమా సవరమా అని ఓరకంట చూసిన రోజులు మనకి తెలుసు. సిగ్గుపడి మానేశాం, కనీసం మానేశామని చెప్పుకుంటున్నాం. అదే పని ఇక్కడ స్టేడియంలో, టీవీ కెమెరాల ముందు, స్పాన్సర్ల బొమ్మల కింద చేస్తారు. నేనంటే వలసొచ్చినవాడి కుళ్లు అనుకోవచ్చు. ట్రాయ్ విన్సెంట్ ఈ ఆట ఆడినవాడు, లీగ్‌లోనే పెద్ద అధికారి. 2022 చివర్లో కంబైన్ గురించి మాట్లాడుతూ బానిసల వేలంతో పోలిక తెచ్చింది ఆయనే. ఇంటి పెద్దే ఆ మాటన్నాక బయటివాడు నోరు కట్టుకోవాల్సిన పనేముంది?

నా ఆరోపణ ఇది. అంచనా తప్పడం పాపం కాదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు ముప్ఫయ్యో ఏట ఎలా ఆడతాడో బ్రహ్మకైనా తెలియదు. అయితే ఆ తప్పుకి డబ్బు కట్టేది ప్రతిసారీ కుర్రాడే, అంచనా వేసినవాడు కాదు. అంచనాని ఊహ అని చెప్పి అమ్మరు, శాస్త్రమని చెప్పి అమ్ముతారు. అది మోసం.

శాస్త్రమంటే ఎంత శాస్త్రమో ఆ నలభై గజాల పరుగులోనే చూడండి. కంబైన్‌లో పరుగు చివర గడియారాన్ని ఆపేది యంత్రం. మొదట్లో దాన్ని నడిపించేది మాత్రం మనిషి. కుర్రాడు కదిలినట్టు కనిపించగానే ఒకరు వేలితో నొక్కుతారు. అలాంటి గడియారంలోంచి రెండు దశాంశ స్థానాల దాకా అంకె తీసి, రాతి మీద చెక్కుతారు. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తి రికార్డు సృష్టించాడు. 2024లో జేవియర్ వర్తీ 4.21తో దాన్ని బద్దలుకొట్టాడు. తేడా సెకనులో నూరోవంతు. మనిషి వేలు తడబడే వ్యవధి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. నూరోవంతు సెకనుకి చరిత్ర రాసే ఆ వేలు ఎవరిదో, ఎంత వయసుదో, ఆ ఉదయం ఎన్ని కాఫీలు తాగిందో ఎవరూ అడగరు.

అడగాల్సిన అవసరం ఎందుకుందో చెప్తాను. రాస్ క్యాచ్‌లు పట్టే ఆటగాడు, రిసీవర్. ఆ 4.22 చూసి సిన్సినాటి జట్టు 2017 డ్రాఫ్ట్‌లో తొమ్మిదో స్థానంలో అతన్ని తీసుకుంది. గాయాలు పీడించాయి పాపం, కెరీర్ మొత్తమ్మీద పట్టిన బంతులతో వెయ్యి గజాలు కూడా దాటలేకపోయాడు. అదే డ్రాఫ్ట్‌లో కూపర్ కప్ అనే ఇంకో రిసీవర్ ఉన్నాడు. నలభై గజాలకి 4.62 తీసుకున్నాడు. "మందకొడి" అని ముద్ర వేసి మూడో రౌండ్‌దాకా, 69వ పేరుదాకా కూర్చోబెట్టారు. 2021లో లీగ్ మొత్తమ్మీద ఎక్కువ క్యాచ్‌లు, ఎక్కువ గజాలు, ఎక్కువ టచ్‌డౌన్లు అన్నీ ఆ మందకొడివే. ఆపైన లీగ్ తుదిపోరు సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడు కూడా అతనే. ఎటు తిరగాలో, ఎప్పుడు తిరగాలో, తనను కాపు కాసేవాడు ఏమనుకుంటున్నాడో కప్‌కి తెలుసు. దాన్ని కొలిచే టేపు ఇండియానాపోలిస్‌లో లేదు. కొలవడానికి వీలైనదాన్ని కొలిచి, అదే ముఖ్యమైనదని తీర్మానించుకున్నారు. ఇంట్లో పోగొట్టుకున్న ఉంగరాన్ని వీధి దీపం కింద వెతికినట్టుంది ఈ శాస్త్రం.

ఆ 2017లోనే తొమ్మిదో పేరు రాస్ అని చెప్పాను కదా. పదో పేరు పాట్రిక్ మహోమ్స్, బంతి విసిరి ఆటని నడిపించే క్వార్టర్‌బ్యాక్. షికాగో జట్టు ఒక్క మెట్టు పైకెక్కడానికి పిక్‌లు, అంటే ఎంపిక వంతులు, మరుసటి ఏడాదిది ఒకటి కూడా కలిపి ధారపోసి రెండో స్థానంలో మిచెల్ ట్రుబిస్కీ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంది. మహోమ్స్ మూడు సూపర్ బౌళ్లు గెలిచేసరికి ట్రుబిస్కీ షికాగోలోనే లేడు.

ఇక టామ్ బ్రేడీ కథ. ఈ దేశంలో దాన్ని హరికథలా చెప్పుకుంటారు. 2000లో 199వ పేరు. నలభై గజాలకి 5.28 సెకన్లు. చొక్కా విప్పి తీసిన ఫొటోలో బక్కపలచగా నిలబడ్డ కుర్రాడు. అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నారు. తర్వాత అతను ఏడు సూపర్ బౌళ్లు గెలిచాడు. కథ అయ్యాక అందరూ కళ్లు తుడుచుకుని "చూశావా పట్టుదల" అంటారు. పట్టుదల సంగతి సరే, అది అతని గొప్ప. మరి 198 సార్లు ఆ పేరు కాదన్నవాళ్ల సంగతి? చివరికి తీసుకున్న న్యూ ఇంగ్లండ్ జట్టు కూడా అంతకుముందు వంతు వచ్చిన ప్రతిసారీ ఇంకొకరి పేరే చదివింది. తప్పుడు మార్కులు వేసిన పంతులు తన సిగ్గుని దాచుకోవడానికి పిల్లవాడి పట్టుదలకి దండ వేస్తున్నాడు. అంతకంటే చేదు సంగతి ఇంకోటుంది. బ్రేడీకి ఒకడు గాయపడి చోటు దొరికింది కాబట్టి మనకి తెలిశాడు. ఆ గాయం కాకపోతే? అలా చోటు దొరకని బ్రేడీలు ఎందరు ఏ ఊళ్లో కార్లు అమ్ముకుంటున్నారో ఏ లెక్కలోనూ ఉండదు. తప్పిన అంచనా తానే తన సాక్ష్యాన్ని చెరిపేస్తుంది.

నా మాటలు నమ్మబుద్ధి కాకపోతే ఒకే ఇంట్లో జరిగిన కథ చెప్తాను. శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్ జట్టు 2021లో ట్రే లాన్స్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం మూడు మొదటి రౌండ్ పిక్‌లు, పైగా ఒక మూడో రౌండ్ పిక్ వేరే జట్టు చేతిలో పెట్టి మూడో స్థానానికి ఎక్కింది. ఆ కుర్రాడు కాలేజీలో ఆరంభం నుంచి ఆడిన ఆటలు మొత్తం 17. నాలుగేళ్లకి 3 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందం. మరుసటి ఏడాది, 2022లో, అదే జట్టు డ్రాఫ్ట్ మొత్తానికీ చిట్టచివరి పేరుగా, 262వ పేరుగా, బ్రాక్ పర్డీని చదివింది. చివరి పేరుగాడికి వీళ్లు "మిస్టర్ ఇర్రెలెవెంట్" అని బిరుదిస్తారు, అంటే లెక్కలోకి రాని పెద్దమనిషి అని. అదొక వేళాకోళం, దానికి ఊరేగింపు కూడా. ఒప్పందం నాలుగేళ్లకి దాదాపు 37 లక్షలు. లాన్స్ కాలు విరిగింది. పర్డీ వచ్చాడు, గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో జట్టుని సూపర్ బౌల్‌లో నిలబెట్టాడు. లాన్స్‌ని అప్పటికే ఒకే ఒక్క నాలుగో రౌండ్ పిక్‌కి మా డాలస్ జట్టుకి అమ్మేశారు.

మూడో పేరువాడు, ఆఖరి పేరువాడు ఒకే డ్రెస్సింగ్ రూములో పక్కపక్కన. ఇద్దరికీ వెల కట్టింది ఒకే అధికారులు, ఒకే కోచ్. అంత ఘోరంగా లెక్క తప్పినందుకు వాళ్లకేమైంది? ఏమీ కాలేదు. పర్డీని కనిపెట్టిన మేధావులని పొగిడారు కూడా! 262వ పేరుదాకా ఆగినవాడు కనిపెట్టినవాడెలా అవుతాడు? ఏడు రౌండ్లపాటు దొరికిన ప్రతి అవకాశంలో వద్దనుకుని, బుట్ట అడుగున మిగిలింది తీసుకున్నవాడు. అటు లాన్స్‌కి మాత్రం పాతికేళ్లు నిండకుండానే "ఫెయిల్యూర్" అని నుదుటి మీద పచ్చబొట్టు పడింది. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ. ఆ సామెత పుట్టించిన మన అమ్మమ్మలకి ఫుట్‌బాల్ తెలియదు గానీ ఈ లీగ్ లోగుట్టంతా తెలుసు.

ఈ సంగతి నేను కొత్తగా కనిపెట్టలేదు. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ కలిసి 2005లోనే ఈ డ్రాఫ్ట్‌ని శల్యపరీక్ష చేశారు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు తర్వాతవాడికంటే మెరుగ్గా రాణించే అవకాశం ఎంతని చూస్తే, నాణెం ఎగరేస్తే వచ్చేదానికంటే కాస్తంత ఎక్కువ తేలింది. పైనుండే పిక్‌లకి జట్లు పెట్టే ఖర్చు వాటి విలువకి మించిపోతోందని కూడా తేల్చారు. ఇరవై ఏళ్లు గడిచాయి. నేర్చుకున్నదేముంది? డ్రాఫ్ట్ టీవీలోకి వచ్చింది 1980లో. ఇప్పుడది ఊరూరా తిరిగే జాతర. 2024లో డెట్రాయిట్‌లో మూడు రోజులకి ఏడు లక్షల డెబ్భై అయిదు వేల మంది వచ్చారని లీగ్ లెక్క చెప్పింది. ఒక్క బంతి విసరని ఆటకి అంతమంది! డ్రాఫ్ట్ ముగిసిన మర్నాడే వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌కి ఊహాజాబితాలు వేస్తారు. కాలేజీలో ఇంకా సీజను మొదలవలేదు, ఎవడి మోకాలు ఎప్పుడు పోతుందో తెలియదు, పేర్లు మాత్రం పెట్టేశారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే కదా.

తప్పులన్నీ అమాయకంగా జరిగుంటే ఇంత కోపం రాకపోను. కొన్ని తప్పులకి రంగు ఉంది. 1968లో మార్లిన్ బ్రిస్కో ఆధునిక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో మొదటినుంచీ బరిలో నిలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. బాగా ఆడాడు. మరుసటేడు ఆ స్థానానికి పోటీపడే అవకాశమే ఇవ్వలేదు. జట్టు మారి రిసీవర్‌గా బతికాడు. 1978లో వారెన్ మూన్ కాలేజీ ఆటలో పేరున్న రోజ్ బౌల్ గెలిపించి వచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ వేషం వదులుకోవాలన్నారు, వదలనన్నాడు. ఒక్క జట్టు కూడా అతని పేరు చదవలేదు. కెనడా వెళ్లి వరసగా అయిదుసార్లు అక్కడి లీగ్ ట్రోఫీ గ్రే కప్ గెలిచి, తిరిగొచ్చి, చివరికి ఈ ఆట దిగ్గజాలకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చున్నాడు. ఏకలవ్యుడిని ద్రోణుడు మొదట కాదన్నది విల్లు పట్టడం రాదని కాదు, పుట్టుక చూసి. విద్య వచ్చేశాక బొటనవేలు అడిగాడు. ఈ లీగ్‌కి అంత ఓపిక కూడా లేదు, ముందే వేలు కోసి ఇమ్మంది.

పాత ముచ్చట్లు అంటారేమో. బ్రిస్కోకి సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 2018లో, లమార్ జాక్సన్ అనే నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు. కాలేజీ ఆటలో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ చేతిలో ఉంది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న బిల్ పోలియన్ టీవీలో కూర్చుని, ఈ కుర్రాడు రిసీవర్‌గా మారడం మంచిదన్నాడు. మొదటి రౌండ్‌లో నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పోయాక, ఆ రౌండ్ ఆఖరి పేరుగా 32వ స్థానంలో బాల్టిమోర్ తీసుకుంది. 2019లో జాక్సన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, ఓట్లన్నీ అతనికే. 2023లో మళ్లీ. తాను పొరబడ్డానని పోలియన్ ఒప్పుకున్నాడు, ఆ పాటి మర్యాద ఆయనలో ఉంది. అయినా యాభై ఏళ్లలో మారిందేమిటి? సలహా ఇచ్చే గొంతు మెత్తబడింది. సలహా అదే.

ఇంకా మురికి పని మూసిన గదుల్లో జరుగుతుంది. ఇంటర్వ్యూలంటారు. 2010లో డెజ్ బ్రయంట్ అనే కుర్రాడిని మయామీ జట్టు జనరల్ మేనేజర్ "మీ అమ్మ వేశ్యా?" అని అడిగాడు. గొడవయ్యాక క్షమాపణ చెప్పాడు. 2012లో ఒక కుర్రాడు తెలివితేటల పరీక్షలో 50కి 4 తెచ్చుకున్నాడని ఎవరో బయటికి వదిలారు. అతనికి చదువుకోవడంలో పుట్టుకతో ఇబ్బంది ఉందన్న సంగతీ దాంతోపాటే బజారున పడింది. పదేళ్లు పోయాక ఆ పరీక్షని కంబైన్ నుంచి ఎత్తేశారు. బ్రయంట్‌కి ఎదురైనలాంటి ప్రశ్నలడిగితే పిక్ పోతుంది, కనీసం లక్షా యాభై వేల డాలర్ల జరిమానా అని 2022లో లీగ్ హెచ్చరించింది. సంతోషం. ఎనభై ఏళ్లకి పైగా డ్రాఫ్ట్ నడిపాక గుర్తొచ్చిన మర్యాద.

2025లో క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్‌కి జరిగింది చూశాం. మొదటి రౌండ్‌లో పోతాడని నెలల తరబడి ఊదరగొట్టారు. డ్రాఫ్ట్ దగ్గరపడేకొద్దీ గుసగుసలు మొదలయ్యాయి. పొగరట, ఇంటర్వ్యూలో తేలిపోయాడట. అన్నదెవరు? "పేరు చెప్పడానికి ఇష్టపడని ఓ కోచ్." ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు ఆ పేరులేని నోరు చెప్పిందల్లా పత్రికలెక్కింది. కుర్రాడు అయిదో రౌండ్‌దాకా, 144వ పేరుదాకా జారిపోయాడు. అతను మొదటి రౌండ్ ఆటగాడా కాదా అన్నది నా వాదన కాదు, ఆరో రౌండ్ ఆటగాడే కావచ్చు. అయితే ఆ మధ్యలో ఇంకోటి జరిగింది. ఒక జట్టు కోచ్ కొడుకు తండ్రి ఐప్యాడ్‌లోంచి ఆ కుర్రాడి రహస్య ఫోన్ నంబరు తస్కరించి, తాను ఫలానా జట్టు అధికారినని ఆకతాయి ఫోన్ చేశాడు. లీగ్ అగ్గిమీద గుగ్గిలమైంది. జట్టుకి రెండున్నర లక్షల డాలర్లు, కోచ్‌కి లక్ష డాలర్లు జరిమానా వేసింది.

బాగుంది. కుర్రాడి ఫోన్ నంబరు లీకైతే మూడున్నర లక్షలు. కుర్రాడి శీలం లీకైతే? సున్నా. నంబరు మార్చుకోవచ్చు. "పొగరుబోతు" అన్న పేరు మార్చుకునే సిమ్ కార్డు ఏ దుకాణంలో దొరుకుతుంది?

ఇప్పుడు అవతలి పక్షం మాట కూడా వింటాను. జట్ల తరఫున కుర్రాళ్లను వెతికే స్కౌట్లలో కష్టజీవులున్నారు. ఏడాదిలో సగం రోజులు కారులోనే గడిపి, చిన్న చిన్న ఊళ్లలో చలికి వణుకుతూ ప్రాక్టీసు చూసేవాళ్లున్నారు. వాళ్లు లేకపోతే ఇంకా ఘోరంగా ఉండేది. జాష్ ఆలెన్‌ని చూడండి, కాలేజీలో విసిరిన బంతుల్లో దాదాపు సగం గురి తప్పేవి. అంకెలన్నీ వద్దన్నాయి. బఫలో జట్టు నమ్మి 2018లో ఏడో స్థానంలో తీసుకుంది. 2024 సీజనుకి లీగ్ అత్యుత్తమ ఆటగాడు అతనే. కాబట్టి చూసే కన్ను ఉన్నవాళ్లు లేకపోలేదు.

ఉన్నారు. బిల్ నన్ ఉన్నాడు. పిట్స్‌బర్గ్‌లో నల్లజాతి పత్రిక 'కొరియర్'లో రాసిన విలేఖరి. నల్లజాతి కాలేజీల వైపు లీగ్ కన్నెత్తి చూడని రోజుల్లో ఆయనకి ఆ మైదానాలన్నీ కరతలామలకం. అది చూసి స్టీలర్స్ జట్టు ఆయన్ని స్కౌట్‌గా పెట్టుకుంది. 1974 డ్రాఫ్ట్‌కి ముందు అలబామాలో జాన్ స్టాల్‌వర్త్ అనే కుర్రాడు తడిసిన నేల మీద పరిగెత్తాడు. అంకె బాగా రాలేదు. మిగతా స్కౌట్లు ఆ అంకె రాసుకుని వెళ్లిపోయారు. నన్ ఒంట్లో బాగోలేదని చెప్పి ఆగిపోయాడనీ, మర్నాడు ఆరిన నేల మీద మళ్లీ పరిగెత్తించాడనీ స్టీలర్స్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఒక్క డ్రాఫ్ట్‌లో స్టీలర్స్ ఎంచుకున్నవాళ్లలో నలుగురు హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లారు, స్టాల్‌వర్త్ వాళ్లలో ఒకడు. నన్ చేసిన గొప్ప పనేమిటి? కుర్రాడిని అనుమానించే ముందు నేలని అనుమానించాడు. నేను అడుగుతున్నదంతా అంతే.

అంకెల మీద నాకు పగ లేదు. నా తిండే అంకెలు. ఈ తంతులోకి కంప్యూటర్‌ని తెచ్చినవాడు మన దేశస్థుడే, సలాం ఖురేషీ. 1960లలో ఐబీఎం అనుబంధ సంస్థలో పనిచేసేవాడు. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి అప్పటికి ఆయనకి తెలిసింది శూన్యం. డాలస్ కౌబాయ్స్ ఆయన్ని పిలిచి స్కౌట్ల రాతల్ని అంకెలుగా మార్చమన్నారు. ఒకడు "చురుకైనవాడు" అంటాడు, ఇంకొకడు "చలాకీ" అంటాడు, రెండూ ఒకటేనా? ఎవడి ఇష్టాయిష్టాలు ఎంత? ఆ కలుపు తీయడానికి పుట్టింది ఆ కంప్యూటర్. అంటే మొదట్లో అంకె పని కొలిచేవాణ్ని కొలవడం. ఇప్పుడు అదే అంకె కొలిచేవాడు దాక్కునే ముసుగు. మా ఇంటికి పది నిమిషాల దూరంలో కౌబాయ్స్ కేంద్రం అద్దాల మేడలా మెరుస్తుంటుంది. దాని ముందు నుంచి కారులో వెళ్లే ప్రతిసారీ ఖురేషీ అడిగిన మొదటి ప్రశ్న లోపల ఎవరికైనా గుర్తుందా అనుకుంటాను.

ఇంతకీ ఈ అంచనాల పిచ్చి ఎందుకింత ముదిరింది? కుర్రాడికి ఎంచుకునే హక్కు లేదు కాబట్టి. మా తెలుగు మిత్రులు ఇక్కడ ఒక మాటంటారు, "ఏముందండీ, మనమూ ఎంసెట్ ర్యాంకులతోనే కదా వచ్చాం." కాదండీ, తేడా ఉంది. ఎంసెట్ ఎంత పాపిష్టిదైనా, ఎందరి నిద్ర చెడగొట్టినా, ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునేది పిల్లవాడు. మంచి ర్యాంకుకి ఎక్కువ కాలేజీలు తలుపు తీస్తాయి. ఇక్కడ ర్యాంకు కుర్రాడిది, ఆప్షన్లు యజమానివి! దేశంలోకెల్లా గొప్ప ఆటగాడివని తేలితే దక్కే బహుమానం దేశంలోకెల్లా చెత్త జట్టు. ఊరు ఎంచుకోలేవు, జీతం బేరమాడలేవు. నాలుగేళ్ల ఒప్పందం, మొదటి మూడు సీజన్లు అయ్యేదాకా అందులో అక్షరం మార్చడానికి లేదు. పర్డీ సూపర్ బౌల్‌కి వెళ్లింది ఆ ఆఖరి పేరుగాడి జీతం మీదే. 26 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం చేతికొచ్చింది 2025లో. ఈ లోపల అతని మోకాలు పోయుంటే? ఆ అంచనా తప్పు కుర్రాడి ఖాతాలోనే జమయ్యేది.

ఇది చట్టమేనా అని అడిగినవాళ్లు లేకపోలేదు. 1968లో డ్రాఫ్టయి మొదటి ఏడే మెడ విరిగిన జేమ్స్ స్మిత్, అందరూ యాజూ స్మిత్ అంటారు, కోర్టుకెక్కాడు. ఈ డ్రాఫ్ట్ పోటీని చంపేస్తోందని, చట్టవిరుద్ధమని 1978లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. అప్పటికే లీగ్ ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం రాసుకుని డ్రాఫ్ట్‌ని దాని గొడుగు కిందికి లాక్కుంది. 2004లో మారిస్ క్లారెట్ అడిగాడు: హైస్కూలు అయ్యాక మూడేళ్లు నిండేదాకా నన్ను పని చెయ్యనివ్వరెందుకని. కింది కోర్టులో గెలిచాడు, పై కోర్టులో ఓడాడు. సంఘంతో కుదిరిన ఒప్పందం అతనికీ వర్తిస్తుందన్నారు. సంఘంలో అతను ఉన్నాడా? లేడు. ఓటేశాడా? లేదు. ఇంకా కాలేజీ కుర్రాడు. ఇప్పటికే లోపలున్నవాళ్లు, ఇంకా లోపలికి రానివాళ్ల కూలి గురించి యజమానితో కూర్చుని సంతకం పెట్టేశారు. దాన్ని బేరమంటారు ఇక్కడ. మా వైపు దాన్ని వేరే పేరుతో పిలుస్తారు.

ఎంచుకున్న జట్టుని కాదని ఈ గొలుసుని తెంపగలిగింది ఎవరు? 1983లో జాన్ ఎల్వే, చేతిలో బేస్‌బాల్ అవకాశం ఉంది కాబట్టి. 2004లో ఈలై మానింగ్, తండ్రి అన్న ఇద్దరూ పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లు కాబట్టి. వెనక ఆస్తి ఉన్నవాడు "నేను రాను" అనగలడు. అమ్మకి ఇల్లు కొనిపెట్టాలన్న కుర్రాడు టోపీ పెట్టుకుని వేదికెక్కి నవ్వుతాడు.

కాబట్టి నా డిమాండ్లు వినండి. ఒకటి, కుర్రాడి శీలం గురించి మాట్లాడే ప్రతి నోటికీ పేరుండాలి. పేరు చెప్పలేనివాడి మాట అచ్చేసిన పత్రిక ఆ మాట తనదేనని ఒప్పుకోవాలి. రెండు, ప్రతి జట్టూ డ్రాఫ్ట్ రోజు తన గోడ మీద రాసుకున్న జాబితాని అయిదేళ్ల తర్వాత బయటపెట్టాలి. ఎవరు ఎవరికి ఎంత వెల కట్టారో ఊరంతా చూడాలి. మూడు, డాక్టర్లు నొక్కిన మోకాలి నివేదిక, గదిలో అడిగిన ప్రశ్నలు, వేసిన మార్కులు అన్నీ మొదట ఆ కుర్రాడి చేతికివ్వాలి. నాలుగు, వీటన్నిటికంటే పెద్దది, వాడిని ఎంచుకోనివ్వాలి. ప్రతి జట్టుకీ ఒకే ఖర్చు పరిమితి పెట్టండి, ఎవరికి ఎంత ఇస్తారో చెప్పండి, వాడు ఊరు చూసుకుని, కోచ్‌ని చూసుకుని సంతకం పెడతాడు. బీద జట్లు చచ్చిపోతాయంటారా? ముప్ఫై రెండింటికీ టీవీ సొమ్ము సమానంగానే పంచుతున్నారు. చచ్చేది జట్లు కాదు, ఆ జట్లని చెడగొట్టినవాళ్లకి ఏటా బహుమానంగా అందే మొదటి పిక్.

ఆ కుర్రాడు, మా వీధివాడు, ఆ సాయంత్రం ఇంటికి వెళ్లబోతుంటే ఆపాను. "ఇంకోసారి పరిగెత్తు" అన్నాను. "ఎందుకంకుల్, అలిసిపోయా" అన్నాడు. నా వేలు చూపించి, "అలిసింది నువ్వు కాదురా, ఇది" అన్నాను. వాడు నవ్వాడు గానీ మళ్లీ పరిగెత్తలేదు. 4.9 పట్టుకుని వెళ్లిపోయాడు.

నా దగ్గరో నోటు పుస్తకం ఉంది. డ్రాఫ్ట్‌కి ముందు టీవీలో ఎవరు ఏ కుర్రాడి గురించి ఏమన్నారో తేదీతో సహా రాసుకుంటాను. ఎడమ పేజీలో మాట, కుడి పేజీలో మూడేళ్ల తర్వాత ఆ కుర్రాడి ఆట. ఆ పుస్తకంలో కుర్రాళ్లకి ర్యాంకులుండవు. మాట్లాడినవాళ్లకి ఉంటాయి. ఈ ఏప్రిల్‌కి కొత్త పేజీలు గీతలు గీసి పెట్టుకున్నాను.